రంగు కొమ్ముల జోడెడ్లు

రామబ్రహ్మం ఆ నవలను రెండుసార్లు చదివాడు. హైదరాబాదు నుంచి వస్తూ బస్సులో ఒకసారి, ఈ పొద్దున దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చుని ఇంకోసారి. రెండుసార్లూ అతనికి అందులో తప్పేమీ కనిపించలేదు. ఇతరుల అబద్ధాలు పట్టుకునే వృత్తిలో జుట్టు నెరిసిన మనిషి, అచ్చులో కళ్లెదుట ఉన్నదాన్ని రెండుసార్లూ దాటుకుని వెళ్లిపోయాడు. అందుకు తర్వాత చాలాకాలం తనను తాను తిట్టుకున్నాడు.

నవల పేరు 'కాలువ మింగిన బండి'. దాన్ని రాసిన హరనాథబాబు వరండాకు ఆనుకున్న గదిలో తలకు కట్టుతో, కళ్లు తెరవకుండా పడి ఉన్నాడు. రామబ్రహ్మమూ అతనూ గుంటూరులో ఒకే గదిలో ఉండి కాలేజీ చదువు చదివారు. తర్వాత హరనాథబాబు పెళ్లి చేసుకుని, భార్య కనకరత్నంతోనూ ఆమె అన్న బసవపున్నయ్యతోనూ కలిసి బాన్సువాడ పక్కన కాలువ కింద పొలం కొనుక్కుని వచ్చేశాడు. సేద్యమంతా బసవపున్నయ్య నెత్తిన వేసి తను డిటెక్టివ్ నవలలు రాసుకున్నాడు. ఆ నవలల్లోని డిటెక్టివ్ ఆరడుగుల మనిషి, పైపు తాగుతాడు, ఎవరినీ ఏమీ అడక్కుండానే హంతకుణ్ణి చూపిస్తాడు. ఆ డిటెక్టివుకు మూలం నువ్వేనటగా అని స్నేహితులు ఆటపట్టిస్తే రామబ్రహ్మానికి ఒళ్లు మండేది. అతను పొట్టివాడు. డాక్టరు మాట విని నెల కిందటే సిగరెట్లు మానేశాడు. అప్పటి నుంచి అతనికి కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. చెయ్యి ఊరుకోక ఎప్పుడూ చొక్కా బొత్తాం తిప్పుతూ ఉంటాడు. అలా తిప్పి తిప్పి రెండు బొత్తాలు ఊడగొట్టుకున్నాడు.

జరిగింది ఇది. ఆదివారం సాయంత్రం ఊళ్లోని గ్రంథాలయంలో కొత్త నవల విడుదల సభ పెట్టారు. హరనాథబాబు మైకు ముందుకొచ్చి, పెళ్లింట్లో తాంబూలాలు పంచినంత సంబరంగా కబుర్లు పంచాడు. హైదరాబాదులో ఒక సాహిత్య సంస్థ ఇచ్చే ఆ ఏటి పురస్కారానికి తుది జాబితాలో తన పాత నవలలు రెండూ నిలిచాయని చెప్పాడు. ఇదిగో మూడోది, ప్రెస్సు వాసన ఇంకా పోలేదని కొత్త పుస్తకం పైకెత్తి చూపించాడు. ఇది ఈ కాలువ గట్టు మీద జరిగిన సంఘటన చుట్టూ అల్లిన కథ అని కూడా అన్నాడు. అప్పుడు ఊరివాళ్లలోంచి దేవిదాస్ అనే కుర్రాడు లేచి ఏదో అడిగాడు. సగం హాలు పకాలున నవ్వింది. మిగతా సగం, అంటే గుంటూరు జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన క్యాంపు జనం, కుర్చీలు వెనక్కి నెట్టి లేచారు. సభ అక్కడితో చెదిరిపోయింది. హరనాథబాబు భోజనాలకు కూడా ఆగకుండా కాలువ రోడ్డున ఒక్కడే నడిచి వెళ్లాడు. తెల్లవారి తూము దగ్గరికి వచ్చిన రైతుకు అతను రాతిమెట్ల మీద, తల పగిలి, కొన ఊపిరితో కనిపించాడు.

పోలీసులు ఆ పూటే దేవిదాస్‌ను పట్టుకెళ్లారు. అదే రోడ్డున అతనూ ఇంటికి వెళ్లాడు. అతను చింపి పారేసిన నవల గట్టు మీద దొరికింది. ఇంకేం కావాలి. ఇవాళ మధ్యాహ్నం జీపు అతన్ని నిజామాబాదు కోర్టుకు తీసుకెళ్తుంది. ఇక్కడ హరనాథబాబు ప్రాణం పోయిందంటే అక్కడ ఆ కుర్రాడి మీద హత్య కేసు పడుతుంది. ఈలోపల నాలుగు రోడ్ల దగ్గర క్యాంపువాళ్లు ఒక పక్కా, ఊరివాళ్లు ఒక పక్కా గుంపులు కట్టి ఉన్నారు. అరవై తొమ్మిది నాటి గొడవలను మరిచిపోని రోడ్డు అది. ఒక్క రాయి పడితే ఎన్ని తలలు పగులుతాయో చెప్పలేం.

బయల్దేరే ముందు రామబ్రహ్మం గదిలోకి తొంగి చూశాడు. బసవపున్నయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తడిగుడ్డతో హరనాథబాబు పెదవులు తుడుస్తున్నాడు. సోమవారం నుంచీ ఆయన ఆ స్టూలు దిగలేదని నర్సు చెప్పింది. బొద్దుగా ఉండి, మెత్తగా మాట్లాడే మనిషి. ఆదివారం సాయంత్రం అతిథుల భోజనాల ఏర్పాట్లలో ఉన్నాననీ, పొలం వైపే వెళ్లలేదనీ, వెళ్లి ఉంటే బావకు ఈ గతి పట్టనిచ్చేవాణ్ణి కాదనీ చెప్పి కళ్లు ఒత్తుకున్నాడు. ఎప్పుడు లేస్తాడంటారు బ్రహ్మంగారూ అని అడిగాడు. ఇదే మాట డాక్టరునూ, కాంపౌండరునూ, గది ఊడ్చేవాణ్ణీ కూడా అడిగాడట.

రామబ్రహ్మానికి జాలి వేసింది. "మీరు ఇక్కణ్ణుంచి కదలకండి. ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి" అని చెప్పి ఠాణాకు నడిచాడు.

*

ఎస్సై దేవ్‌సింగ్ ఆ ప్రాంతపు తండాలో పుట్టి పెరిగినవాడు. చదువుకుని పైకొచ్చాడు. పనిలో గట్టివాడని పేరు. కాని తుది జాబితాలో నిలిచిన నవలల్లో ఒకదానిలో, కుర్చీలో కూర్చునే నిద్రపోయే లావుపాటి ఎస్సై ఒకడున్నాడు. అది ఎవరో బాన్సువాడలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. పైగా క్యాంపు పెద్దమనుషులు రోజుకు రెండుసార్లు వచ్చి కేసు ఎందాక వచ్చిందని అడిగిపోతున్నారు. ఇన్నిటి మధ్య హైదరాబాదు నుంచి ఒక ప్రైవేటు డిటెక్టివ్ దిగబడితే అతను సంతోషించే పరిస్థితి లేదు.

"కథలల్ల డిటెక్టివులు ఉంటరనుకున్న. నిజంగ కూడ ఉంటరని ఇయ్యాల్నే చూస్తున్న" అన్నాడు కుర్చీ చూపించకుండా.

"కథల్లో ఎస్సైలు నిద్రపోతారు. మీరు మెలకువగానే ఉన్నారు. కథలోని డిటెక్టివూ ఎస్సై కూడా అబద్ధమే కదా" అన్నాడు రామబ్రహ్మం.

దేవ్‌సింగ్‌కు నవ్వొచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. మాట్లాడుకోండి కాని జీపు మాత్రం ఆగదని చెప్పి లాకప్పు తలుపు తీయించాడు.

దేవిదాస్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. డిగ్రీ చదువుతున్న కుర్రాడు, ఇరవై ఏళ్లు దాటి ఉంటాయి. నేను కొట్టలేదని మొదట చెప్పాడు, చివరా చెప్పాడు, మధ్యలో అడిగినవాటికి సగం సగం జవాబులిచ్చాడు. ఆ నవలలో చచ్చిపోయిన రైతు తన తండ్రి సాయిలేనట. పన్నెండేళ్ల కిందట పొలాల అమావాస్య వెళ్లిన మర్నాడు తెల్లవారి, సాయిలూ బండీ ఎడ్లూ కాలువలో తేలారు. చీకటితో బండి కట్టుకుని పిట్లం పోతూ గట్టు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. అందరూ అదే నమ్మారు. హరనాథబాబు దాన్ని హత్యగా మార్చాడు, కథలో. అది కూడా దేవిదాస్ ఓర్చుకునేవాడేనట.

"మరి ఎక్కడ కోపం వచ్చింది?"

"పండుగ నాడు మాపటికి బండి కట్టిండని రాసిండు సారూ. రంగులేసిన ఎడ్లను బండికి కట్టిండంట. మా నాయిన గసొంటి పాపం చేసెటోడా? సచ్చిపోయినోన్ని పట్టుకోని గట్ల రాస్తరా? గదే అడిగిన. మా ఊరోళ్లంత ఆయన్ను జూసి నవ్విండ్రు."

రామబ్రహ్మం దాన్ని కుర్రాడి మనసుకు తగిలిన దెబ్బగా మాత్రమే లెక్కవేసుకుని ముందుకు పోయాడు. హరనాథబాబు ఏమన్నాడని అడిగాడు.

"గొడవ పెట్టుకుంటడనుకున్న. పెట్టుకోలే. గిలాసల నీళ్లు తాగి, నువ్వు చెప్పేది నిజమేనా బాబూ అని అడిగిండు. అవునన్న. ఇగ మల్ల మాట్లాడలే. మొఖం తెల్లగ పాలిపోయింది."

ఆ మాట రామబ్రహ్మాన్ని పట్టుకుంది. హరనాథబాబు వాదనలో ఓడిపోయే మనిషి కాదు. నవలలో తప్పు చూపిస్తే నాలుగు గంటలు వాదించి, తప్పు చూపించినవాడి చేతే క్షమాపణ చెప్పించుకునే రకం. అలాంటివాడు నిండుసభలో నీళ్లు తాగి కూర్చున్నాడంటే అది అవమానం కాదు. మరేదో.

*

తూము దగ్గరికి దేవ్‌సింగ్ తనే జీపులో తీసుకెళ్లాడు, సాయం చేద్దామని కాదు, కనిపెట్టి ఉందామని. కాలువ నిండుగా పారుతోంది. గట్టు మీద ఎర్రమొరం గట్టిగా, పొడిగా ఉంది. రాతిమెట్ల మీద నెత్తురు మరక ఇంకా పోలేదు. దేవ్‌సింగ్ ఎక్కడ పడి ఉన్నాడో చూపించి, వెనక నుంచి వచ్చి కర్రతో కొట్టి తోశాడని రెండు ముక్కల్లో తేల్చేశాడు.

చెప్పులు ఎక్కడ దొరికాయని రామబ్రహ్మం అడిగాడు. మెట్ల దగ్గర కాదు. అక్కణ్ణుంచి చాలా అవతల, గట్టు దిగి వరిమడి ఒడ్డు మొదలయ్యే చోట, పక్కపక్కన విడిచి ఉన్నాయి. ఆ ఒడ్డు నేరుగా ఒక మోటారు కొట్టం దగ్గరికి పోతుంది. మడులూ కొట్టమూ బసవపున్నయ్యవి. నాట్లు వేసి నెల కూడా కాలేదు. ఒడ్డంతా జారుడుగా, పాదం దిగబడేంత మెత్తగా ఉంది.

"పొలంలోకి దిగే ముందు చెప్పులు విడిచాడు. అందరూ చేసేదే. లోపలికి వెళ్లాడు, ఎవరితోనో మాట్లాడటానికి" అన్నాడు రామబ్రహ్మం.

"సొంత పొలం లెక్కనే కదా. పోవద్దా?"

"పోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు చెప్పులు వేసుకోకుండా మెట్ల దాకా ఎందుకు నడిచాడు?"

"కాళ్లు కడుక్కోనీకి."

"దవాఖానకు తెచ్చినప్పుడు మోకాళ్ల కింద దాకా బురద ఎండిపోయి ఉందని నర్సు చెప్పింది. మీ పంచనామాలో కూడా ఉంది. మొరం గట్టు మీద కొట్టి పడేస్తే ఆ బురద ఎక్కణ్ణుంచి వచ్చింది? అతన్ని కొట్టింది పొలంలో. మోసుకొచ్చి ఇక్కడ పడేశారు."

దేవ్‌సింగ్ టోపీ తీసి తల తుడుచుకుని, సరే, పొలంలోనే కొట్టారనుకుందాం, ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడిగాడు. ఆ పొలంలో సాయంత్రం పూట ఉండేది బసవపున్నయ్యా, కాకపోతే అతని మనుషులూ. మనుషులంతా ఆ రోజు సభ దగ్గర వడ్డనలో ఉన్నారు.

"బసవపున్నయ్య కొట్టిండంటవా? చెల్లెలి మొగన్ని కొట్టి చెల్లెలి బతుకు బుగ్గిచేస్తడా? మూడు దినాల నుంచి తిండి లేక దవాఖానల కూసున్నడు. పగ ఏంది, కారణం ఏంది చెప్పు. అప్పుడు పిలగాన్ని ఇడుస్త."

కారణం రామబ్రహ్మం దగ్గర లేదు. బొత్తాం మీదికి చెయ్యి పోయింది. ఉన్న బొత్తాల్లో ఇంకొకటి దారం వదిలి చేతిలోకి వచ్చింది. అతను దాన్ని జేబులో వేసుకుని, ఆ కుర్రాడి ఇల్లు దగ్గరేనా అని అడిగాడు.

*

దేవిదాస్ తల్లి అరుణమ్మ ఇంటి ముందు రాట దగ్గర ఎడ్లకు గడ్డి వేస్తోంది. జీపు చూడగానే చేతిలో గడ్డి జారవిడిచి, కొడుక్కి ఏమైందో అడిగే ధైర్యం లేక అలాగే నిలబడిపోయింది. మొగుణ్ణి ఆ కాలువే తీసుకుంది. ఇప్పుడు కొడుకును కూడా అదే కాలువ పేరు చెప్పి జీపెక్కించబోతున్నారు. ఏం కాలేదమ్మా, రెండు మాటలు అడిగి పోతానని ఆమెకు సర్దిచెప్పాడు.

నిజానికి ఏం అడగాలో అతనికి తోచలేదు. ఎడ్ల వైపు చూశాడు. కొమ్ములకు ఎరుపూ ఆకుపచ్చా రంగులు, కొసలకు ఎండిపోయిన కాగితం పూలు. మాట కలపడానికి, రంగులు బాగున్నాయమ్మా, పండుగకా అన్నాడు.

పోయిన వారం పొలాల అమావాస్యకు వేసినవని ఆమె చెప్పింది. ఆ రోజు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు వేసి, కొత్త తాళ్లు కట్టి, బొబ్బట్ల లాంటి బచ్చాలు వండి పెడతారు. పొద్దు వాలేముందు హనుమాన్ల గుడి చుట్టూ తిప్పి, మొక్కుకుని, ఇళ్లకు వస్తారు. అది ఎద్దు పండుగ. ఏడాదంతా మోసేదానికి ఆ ఒక్కరోజు సెలవు.

"ఆ రోజు అవసరం పడితే బండి కట్టరా?"

అరుణమ్మ అతన్ని ఎగాదిగా చూసింది, మతి ఉన్నవాడేనా అన్నట్టు.

"ఇల్లు కాలుతున్నా గని కట్టరు సారూ. గా దినం ఎద్దు మెడ మీద కాడి పెట్టుడంటే తల్లి పీక మీద కాలు పెట్టినట్టే. సిన్న పోరన్ని అడుగు, గదే చెప్తడు."

సాయిలు ఆ సాయంత్రం ఏం చేశాడని రామబ్రహ్మం మెల్లగా అడిగాడు. ఊరేగింపు అయ్యాక ఎడ్లను కాలువ దగ్గరి పొలం కొట్టంలో కట్టేసి వస్తానని వెళ్లాడట. బండి ఎప్పుడూ అక్కడే ఉండేది. ఊరంతా ఇళ్లలో పండుగ భోజనాల మీద ఉంది. అతను రాకపోతే అక్కడే పడుకున్నాడనుకున్నారు. తెల్లవారి చీకటితో బండి కట్టుకుని పోయి ఉంటాడనుకున్నారు. పండుగ నాడు కట్టాడని మాత్రం ఎవరికీ తట్టలేదు, తట్టే వీలే లేదు. తర్వాత ఆ తూము పక్క మడులను ఆమె సేద్యం చేయించుకోలేక క్యాంపాయనకు అమ్మేసింది. నీళ్ల కాడ ఆయనకూ తన మొగుడికీ ఆ ఏడంతా మాటామాటా అవుతుండేదని చెప్పి, చచ్చినాయన పేరుతో ఇప్పుడెందుకని ఊరుకుంది.

"ఏ క్యాంపాయన?"

"బసవపున్నయ్య. గా యేడే కొత్తగ వచ్చిండు ఆంధ్ర నుంచి."

రామబ్రహ్మం చంకలో ఉన్న నవల తీశాడు. ఆ పేజీ వెతికి, పొద్దు గుంకే వేళ, గట్టు మీద ఒంటరి బండి, ఎరుపూ ఆకుపచ్చా కొమ్ములు, మువ్వల చప్పుడు అంటూ సాగే వర్ణనను పైకి చదివాడు. ముఖం కనబడని మనిషి ఒకడు బండి తోలుకెళ్తుంటాడు. బండిలో గడ్డి కింద ఇంకేదో ఉంటుంది. రైతు బండి కట్టుకుని బయల్దేరాక హంతకుడు అతన్ని చంపి, ఆ బండినే తోలుకుపోయాడని కథ.

దేవ్‌సింగ్ అప్పటిదాకా వాకిట్లో పచార్లు చేస్తున్నవాడు ఆగిపోయాడు.

"మా తండాల కూడ కట్టరు" అన్నాడు నెమ్మదిగా. "నేను గీ పుస్తకం చదవలే. నిద్రపోయే ఎస్సై ముచ్చట విన్నంక చదవబుద్ధి కాలే. చదివితే ఆదివారమే తెల్సేది."

"నేను చదివాను. నాకే తెలియలేదు" అన్నాడు రామబ్రహ్మం. "మేమూ ఆ అమావాస్య చేసుకుంటాం. మా వైపు ఆడవాళ్లు కందమొక్కకు పూజ చేస్తారు, పిల్లల కోసం. ఎడ్లను బండికి కట్టకూడదని మాకెవరూ చెప్పలేదు. హరనాథ్‌కూ చెప్పలేదు. వచ్చిన కొత్తలో బసవపున్నయ్యకూ చెప్పి ఉండరు."

ఊరివాడెవడైనా సాయిలును చంపి ఉంటే, ప్రమాదం లాగా చూపించడానికి తెల్లవారేదాకా ఆగేవాడు. పండుగ సాయంత్రం ఆ ఎడ్ల మెడ మీద కాడి పెట్టింది ఆ ఆచారం తెలియని మనిషి. తెల్లవారాక బండి దొరికింది కాబట్టి ఆ తప్పు ఇన్నేళ్లూ నీళ్లలోనే దాగింది. సభలో దేవిదాస్ మాట వినగానే హరనాథబాబుకు అర్థమైంది అదే. తను కల్పన అనుకుని రాసింది కల్పన కాదు.

మరి ఆ సంగతి అతనికి చెప్పిందెవరు? చెప్పినవాడే చంపినవాడని దేవ్‌సింగ్ అన్నాడు. రామబ్రహ్మం తల అడ్డంగా ఊపాడు. చంపినవాడు నవల రాసుకొమ్మని కథ ఇవ్వడు. చూసింది ఏమిటో తెలియకుండా చూసిన మనిషి ఎవరో ఉండాలి. ఈ ఊరి మనిషి కాదు. హరనాథబాబుతో తీరిగ్గా కబుర్లు చెప్పుకునే మనిషి. నిజం తెలిశాక కూడా ఇంటికెళ్లి అడగడానికి హరనాథబాబుకు మనసొప్పని మనిషి.

జీపు క్యాంపు వైపు తిరిగింది.

*

కనకరత్నం వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. మూడు రోజుల్లో మనిషి సగమైపోయింది. ట్రంకాల్ చేసి తనను పిలిపించింది ఈమే. అన్నయ్యగారూ, ఆ కుర్రాడు కొట్టాడంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు, మీరొచ్చి చూడండి అని అంది ఫోనులో. కావాలని కళ్లు మూసుకున్న మనిషి అలా పిలుస్తుందా? రామబ్రహ్మం ఆమె మొహం చూసి, రావలసిన చోటికే వచ్చానని తెలుసుకున్నాడు. ఎందుకొచ్చానా అనిపించింది కూడా.

సభకు ఆమె వెళ్లలేదు. వంటల దగ్గర ఉండిపోయింది. దేవిదాస్ ఏదో అరిచాడని తెలుసు, ఏమని అరిచాడో ఎవరూ చెప్పలేదు. నవలలో ఆ బండి వర్ణన చాలా బాగుందని రామబ్రహ్మం అన్నాడు. ఆ మాటకు, అంత దిగులులోనూ, ఆమె కళ్లలో చిన్న వెలుగు వచ్చింది.

"అది నాదే అన్నయ్యగారూ. ఆయన రాశారు గాని చూసింది నేను. ఇక్కడికొచ్చిన మొదటి ఏడు, పొలాల అమావాస్య నాటి సాయంత్రం, డాబా మీద వడియాలు తీస్తుంటే కనబడింది. ఆ కొమ్ములూ ఆ మువ్వలూ... కొత్త ఊరని అప్పటిదాకా బెంగగా ఉండేది. అది చూశాక ఈ ఊరు బాగానే ఉంది అనిపించింది. ఎన్నిసార్లు చెప్పానో ఆయనకు. నీ బండి నవల్లో పెడతాలే అనేవారు."

దేవ్‌సింగ్ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. అడగవలసింది ఒకటే మిగిలింది. అది అడగకుండా బస్సెక్కి హైదరాబాదు వెళ్లిపోతే బాగుండునని రామబ్రహ్మానికి అనిపించింది. కాని ఠాణాలో ఆ కుర్రాడున్నాడు.

"బండి ఎవరు తోలుతున్నారమ్మా?"

"మా అన్నయ్యే. ఎరువు బస్తాల కోసం పక్క రైతుది అడిగి తెచ్చుకున్నాడట. నన్ను చూసి చెయ్యి కూడా..." ఆమె ఆగింది. ఇద్దరి మొహాలూ చూసింది. "ఎందుకు అడుగుతున్నారు?"

రామబ్రహ్మం చెప్పాడు. పండుగ రోజు ఇక్కడ ఎవరూ ఎడ్లు కట్టరని చెప్పాడు. ఆ ఎడ్లు సాయిలువని చెప్పాడు. సాయిలు ఎడ్లు తెల్లవారి కాలువలో తేలాయని ఆమెకు ముందే తెలుసు, తను చూసింది వాటినేనని తెలియదు. ఆమె గోడ పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. పన్నెండేళ్లుగా ముద్దుగా దాచుకున్నదాన్ని విప్పి చూస్తే లోపల ఏముందో కనబడిన మనిషిలా ఉంది.

"ఆయన నన్ను అడగలేదు" అంది. "నాతో చెప్పకుండా నేరుగా అన్నయ్య దగ్గరికే వెళ్లారు. నేను బాధపడతానని."

అవునమ్మా అన్నాడు రామబ్రహ్మం. దేవ్‌సింగ్ ఇప్పుడు దవాఖానలో సారు దగ్గర ఎవరున్నారని అడిగాడు. అడుగుతుండగానే రామబ్రహ్మానికి తన మాట తనకు వినబడింది. ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి. కాపలా పెట్టింది తనే.

"అన్నయ్యే" అంది కనకరత్నం. "ఇందాకే వచ్చి వెళ్లాడు. బావ కనురెప్పలు కదిలాయి, పెదవులు కదులుతున్నాయి, డాక్టరు పల్చగా జావ పట్టమన్నాడు అని చెప్పాడు. నేను కాచి ఫ్లాస్కులో పోసిచ్చాను. చల్లారిపోతుంది అన్నయ్యా త్వరగా వెళ్లు అంటే, పెరట్లో పనుందని వెళ్లి..."

"పెరట్లో ఏముంది?"

వెనక తలుపు తీసి ఉంది. అవతల చిన్న కొట్టు, దాని గొళ్లెం వేలాడుతోంది. రామబ్రహ్మం గుమ్మంలోంచి చూశాడు. అరుగు మీద ఎండ్రిన్ డబ్బా మూత ఒకటి పడి ఉంది. దాని చుట్టూ తడి ఇంకా ఆరలేదు. చేలకు కొట్టే ఆ మందు వాసన గుమ్మం దాకా వస్తోంది.

దేవ్‌సింగ్ అప్పటికే జీపు స్టార్టు చేస్తున్నాడు. రామబ్రహ్మం పరుగున వచ్చేసరికి ముందు సీట్లో కనకరత్నం కూర్చుని ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు, చేతికి జావ మరక అలాగే ఉంది. మీరు రావద్దమ్మా, ఇది చూడలేరు అన్నాడు అతను.

ఆమె దిగలేదు. రోడ్డు వైపే చూస్తోంది.

"పోనివ్వండి అన్నయ్యగారూ. మా అన్నయ్యకు చిన్నప్పటి నుంచీ నేనంటే ప్రాణం. నేను ఎదురుగా ఉంటే చెయ్యి ఆడదు" అంది.